అమ్మ పంపిన ఉప్పుకండ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టలు తమ్ముళ్లు ఫోను చేసినప్పుడు నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. నేను కవిని కాదు, ఉపన్యాసాలు చెప్పేవాణ్ణీ కాదు. హైదరాబాదులో ఒక హోటల్లో వంట చేసేవాణ్ణి. మన హాస్టల్లో చదువుకున్న అన్నల్లో టీచర్లున్నారు, పోలీసులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. చదువు గురించీ పోటీ పరీక్షల గురించీ వాళ్లు నాకంటే బాగా రాస్తారు. నాకు తెలిసింది వంట. అందుకే కలిగిరిలో ఒక వాన రాత్రి మేము తిన్న భోజనం గురించి, దాని వెనక నేను ఆడిన ఒక అబద్ధం గురించి రాస్తున్నాను. తమ్ముళ్లు ఓపికతో చదవాలి.

అది 2005వ సంవత్సరం. నేను తొమ్మిదో తరగతి. దసరా సెలవులకు ఇంటికి పోయాను. మాది వింజమూరు వైపు ఒక చిన్న పల్లె. మెట్ట ప్రాంతం. వాన పడితేనే పంట, పంట ఉంటేనే కూలి. ఆ సెలవుల్లో ఊళ్లో ఒక రైతు ఇంట్లో శుభకార్యం జరిగింది. పొట్టేళ్లు కోశారు. మా అమ్మ రెండు రోజులు అక్కడ అంట్లు తోమి, నీళ్లు మోసింది. విందు అయిపోయాక కూలితో పాటు, వండకుండా మిగిలిపోయిన మాంసం కొంత ఇచ్చి పంపారు. ఆ రాత్రి అందులో గుప్పెడు తీసి పులుసు పెట్టింది. మిగిలినదంతా ఉప్పుకండ చేసింది.

ఉప్పుకండ తెలియని తమ్ముడు మనలో ఉండడనుకుంటాను. అయినా మా అమ్మ ఎలా చేసేదో చెబుతాను. ఎముక లేని మాంసాన్ని వేలెడు వెడల్పున పొడవాటి చీలికలుగా కోస్తుంది. కల్లుప్పు, పసుపు, కారం, దంచిన అల్లం వెల్లుల్లి పట్టించి ఒక రాత్రి ఉంచుతుంది. తెల్లారి పెరట్లో దండేనికి ఆరేస్తుంది. కాకులు ఎత్తుకుపోకుండా, ఈగలు వాలకుండా పలచటి పాత చీర కప్పుతుంది. మా చెల్లి కట్టె పట్టుకుని కాపలా. మూడు నాలుగు ఎండలకు ముక్క నల్లబడి, విరిస్తే టక్కున విరుగుతుంది. పచ్చి మాంసంలో ముప్పాతిక వంతు దాకా నీరే. ఉప్పు ఆ నీటిని బయటికి లాగుతుంది, ఎండ దాన్ని ఆరగొడుతుంది. నీరు లేని చోట కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. ఈ సంగతి నేను తర్వాత పుస్తకంలో చదువుకున్నాను. మా అమ్మకు పుస్తకం లేకుండానే తెలుసు.

సెలవులు అయిపోయి బయలుదేరేటప్పుడు పాత డాల్డా డబ్బా ఒకటి సంచిలో పెట్టింది. "నీళ్ల చెయ్యి తగలనియ్యొద్దు నాయనా. ఎప్పుడైనా కూర నచ్చకపోతే రెండు ముక్కలు నిప్పుల మీద కాల్చుకో" అని చెప్పింది.

బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. డబ్బా మూత సరిగా పడలేదేమో, వాసన వస్తోంది. నా ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దమనిషి కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. "ఎవురిదయ్యా ఈ సంచి? ఏం మాంసం ఇది?" అన్నాడు. ఎవరో నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లంతా కిందికి చూశారు. సంచి నా కాళ్ల మధ్యనే ఉంది.

"నాది కాదు" అన్నాను.

కలిగిరిలో అందరూ దిగిందాకా సీట్లోనే కూర్చుని, చివర్లో సంచి తీసుకుని దిగాను.

తమ్ముళ్లూ, "ఏం మాంసం" అని అడిగారంటే ఆ ప్రశ్న మాంసం గురించి కాదని మనకు తెలుసు. నువ్వెవరివి, ఏ వాడ వాడివి అని అడగడానికి అది ఇంకో దారి. పొట్టేలు మాంసమని చెప్పి ఉంటే బహుశా ఆ నవ్వు ఆగేది. చాలా కాలం నేనూ అలాగే అనుకున్నాను. కానీ మా ఇంట్లో పెద్ద మాంసం వండుకున్న రోజులూ ఉన్నాయి. ఆ రోజు డబ్బాలో అదే ఉంటే నేనేం చెప్పాలి? మా అమ్మ చేతి వంటను ఒప్పుకోవడానికి అది పొట్టేలే అయి ఉండాలా? ఈ ఆలోచన అప్పుడు నాకు రాలేదు. అప్పుడు వచ్చింది సిగ్గు ఒక్కటే.

ఆ సిగ్గుతోనే డబ్బాను నా పెట్టెలో పెట్టుకోలేదు. వంటగది వెనక కట్టెలు పేర్చే పంచలో, రేకుల కింద దూలం మీద దాచాను. తరువాత మూడు వారాలు దాని వైపు పోలేదు.

నవంబరు మొదట్లో ముసురు పట్టింది. మూడు రోజులు ఆగని వాన. కావలి నుంచి బస్సులు రాలేదు, కూరగాయలు రాలేదు. కరెంటు లేదు. దగ్గరి ఊళ్ల పిల్లలు ఇళ్లకు పోగా నలభై మందిమి మిగిలాం. కట్టెలన్నీ తడిసిపోయాయి. మాకు వండిపెట్టే ఆమెను అందరం పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. ఎండు కట్టె ఏదైనా దొరుకుతుందేమోనని ఆమె దూలం మీద చెయ్యి పెట్టి తడిమింది. చేతికి డబ్బా తగిలింది.

లాంతరు వెలుగులో దాన్ని పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. "ఎవురిదిరా ఈ డబ్బా?"

ఎవరూ పలకలేదు. ఆమె మూత తీసి వాసన చూసింది. నా గుండె దడదడ కొట్టుకుంది. ఆమె ఒక ముక్క విరిచి, నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుంది.

"ఓరి నాయనో, ఎంత బాగా ఎండబెట్టిందిరా ఆ మహాతల్లి! ఈ ముసురులో కూడా మెత్తబళ్లేదు. ఎవురమ్మరా? చెప్పండి, ఆమెకు దండం పెడతా."

బస్సులో నవ్వినప్పుడు నోరు రాలేదంటే అర్థముంది. ఇక్కడ నలభై మంది ముందు మా అమ్మను మెచ్చుకుంటున్నారు. అప్పుడు కూడా నాకు నోరు రాలేదు. ఒకసారి నాది కాదన్న దాన్ని నాది అని ఎలా అనాలో తెలియలేదు.

పెద్దమ్మ ఇంకోసారి అడిగి ఊరుకుంది. తర్వాత ఆమె చేసిన వంట నేను ద్వారం దగ్గర నిలబడి చూశాను. తడి కట్టెలతో నలభై మందికి అన్నం ఉడకాలంటే అర్ధరాత్రి అవుతుంది. సేమ్యా అయితే నీళ్లు మరిగాక ఐదు నిమిషాల పని. నవంబరు 14 బాలల దినోత్సవానికి పాయసం చేయాలని తెప్పించిన సేమ్యా స్టోరులో ఉంది. వార్డెన్ సారును అడిగింది. "పద్నాలుగుకు మళ్లీ తెప్పిద్దాంలే, పిల్లల కడుపులు ముఖ్యం" అని ఆయన తాళం తీసిచ్చారు.

ఆమె ఉప్పుకండను వేడినీళ్లలో నానబెట్టి, ఆ ఉప్పునీళ్లు పారబోసింది. ముక్కల్ని రోట్లో వేసి పీచు పీచుగా దంచింది. వేరుశనగ విత్తనాలు వేయించి, పొట్టు ఊది, నీళ్లు చల్లుకుంటూ వెన్నలాగా రుబ్బింది. బాణలిలో నూనె, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, ఆ తర్వాత మాంసం పీచు. అది ఎర్రగా వేగాక వేరుశనగ ముద్ద, నీళ్లు. ఉడుకు పట్టి చిక్కబడుతుండగా వేయించిన సేమ్యా పోసి, ఉదయగిరి చెక్క గరిటెతో అడుగంటకుండా తిప్పింది. ఉప్పు చిటికెడు కూడా వేయలేదు. "మాంసంలో ఉండేదే చాలు" అంది.

అర కిలో కూడా లేని ఉప్పుకండ నలభై పళ్లేల్లోకి వచ్చింది. ముద్ద ముద్దకీ రెండు పీచులు తగిలేవి. పైన మీగడ కట్టినట్టు చిక్కగా, వేడిగా ఉంది. బయట వాన. ఎవరూ మాట్లాడలేదు. నా పక్కన కూర్చున్న ఐదో తరగతి పిల్లవాడు పళ్లెం నాకి, "ఎవురు పంపించారన్నా?" అని అడిగాడు. "ఏమోరా" అన్నాను.

సంక్రాంతికి ఇంటికి పోతే అమ్మ అడిగింది. "తిన్నావా నాయనా, ఉప్పుకండ?" "తిన్నానమ్మా" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఇంటర్ తర్వాత హోటలు వంట పని నేర్చుకుని హైదరాబాదు చేరాను. అక్కడ ఒక ఏడాది డిసెంబరు చివర పెద్ద విందు జరిగింది. అందులో హామ్ మిగిలింది. హామ్ అంటే పంది వెనక తొడ మాంసం. ఉప్పు పట్టించి నిలవ చేస్తారు. కొన్ని రకాలను పొగబెడతారు, కొన్నింటిని ఉడికిస్తారు. ఇటలీలో పార్మా ప్రాంతంలో ఉప్పు పట్టించిన తొడల్ని ఏడాదికి పైగా గాలికి ఆరబెడతారు. స్పెయిన్‌లోనూ అలాంటిదే ఉంది, హామోన్ అంటారు. ఇవన్నీ చాలా ఖరీదైనవి. మా పెద్ద షెఫ్ గారు మిగిలిన ఉడికించిన హామ్‌ను పారేయనివ్వలేదు. విందు ముగిసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టించారు. వండిన మాంసాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదని, ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజుల్లో వాడేయాలని మాకు నియమం. మర్నాడు రాత్రి సిబ్బంది భోజనానికి దానితో పాస్తా చేయమని నాకు అప్పగించారు.

పాస్తా కూడా సేమ్యాలాగా గోధుమతో చేసేదే. దాన్ని కొంచెం పలుకు ఉండగానే దించి, ఉడికిన నీళ్లు ఒక గ్లాసు పక్కన పెట్టమన్నారు. ఆ నీళ్లలో గంజి ఉంటుంది, మీగడ విరగకుండా, పాస్తాకు అంటుకునేలా అదే పట్టి ఉంచుతుందని చెప్పారు. వెన్నలో వెల్లుల్లి, సన్నగా తరిగిన హామ్ వేయించాను. మంట తగ్గించి మీగడ పోశాను. పాస్తా, గంజినీళ్లు, తురిమిన చీజ్ వేసి తిప్పాను. ఉప్పు డబ్బా వైపు చెయ్యి పోలేదు. షెఫ్ గారు అది గమనించారు.

"ఉప్పు వేయకూడదని నీకెవరు చెప్పారు? ఇంతకు ముందు ఎక్కడైనా చేశావా?" అని అడిగారు.

"లేదు సార్" అన్నాను.

అన్నాక నా మాట నాకే వినిపించింది. బస్సులో అన్న గొంతే అది. ఇరవై మంది సిబ్బంది ఆ పాస్తా తిని బాగుందన్నారు. దేశాలు దాటి వచ్చిన వంట కాబట్టి దాన్ని నేర్చుకున్నానని చెప్పుకోవడం గొప్ప. అదే పనిని కలిగిరిలో తడి కట్టెల మీద ఒక పెద్దమ్మ చేసింది, దానికి సరుకు మా అమ్మ పెరట్లో తయారైంది అని చెప్పడానికి నాకెందుకు నోరు రాలేదు? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ కనుమకు ఇంటికి పోయాను. ఒక పాస్తా పొట్లం, మీగడ తీసుకుపోయాను. అమ్మ దగ్గర ఉప్పుకండ ఉంది. మీగడ చూడగానే అమ్మ ఒప్పుకోలేదు. "పాలల్లో మాంసమేందిరా? బొల్లి వస్తాదంటారు. పాయసంలో కూర పోసినట్టు ఉంటాది, వొద్దు." అలాంటిదేమీ రాదమ్మా అని చెప్పినా వినలేదు. సరే అని మీగడ పక్కన పెట్టి, వేరుశనగ విత్తనాలు వేయించమన్నాను. పెద్దమ్మ చేసినట్టే చేశాను. నాయన, చెల్లి, అమ్మ కూర్చుని తిన్నారు. అప్పుడు బస్సు సంగతి, దూలం మీద డబ్బా సంగతి, అన్నీ చెప్పాను.

అమ్మ చాలాసేపు పళ్లెం వైపు చూస్తూ కూర్చుంది. "ఆ పొద్దు మేము ముక్క కూడా ఉంచుకోలేదురా" అంది. "చెల్లి ఒకటి అడిగితే, అన్నకు లే తల్లీ అని చెప్పినా." చెల్లి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

కాసేపటికి అమ్మే అడిగింది. "అయితే నలభై మంది పిల్లకాయలు తిన్నారా?"

"తిన్నారమ్మా."

"ఆ కాస్త నలభై మందికి ఎట్టా సరిపోయిందిరా?"

రోట్లో దంచడం, వేరుశనగ రుబ్బడం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. శ్రద్ధగా విన్నది. "ఆ వంటామె గట్టిది" అంది. నా అబద్ధం గురించి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తమ్ముళ్లూ, మీ ఇంటి నుంచి కూడా డబ్బాలు వస్తాయి. ఉప్పుకండ కావచ్చు, ఎండు చేపలు కావచ్చు, గోంగూర పచ్చడి కావచ్చు. వాసన వస్తుంది, రానివ్వండి. మిగిలిపోయిన దాన్ని పాడుకాకుండా దాచి, కొద్దిగా ఉన్నదాన్ని నలుగురికీ అందేలా వండడం పెద్ద పెద్ద హోటళ్లలో జీతాలిచ్చి చేయించే పని. మన అమ్మలు అది జీతం లేకుండా చేస్తున్నారు. ఆ డబ్బాను దూలం మీద దాచకండి. గది మధ్యలో పెట్టి మూత తీయండి. ఎవరైనా అడిగితే వెంటనే చెప్పండి. ఆలస్యమైతే చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

పెద్దమ్మ పని మానేసి చాలా ఏళ్లయింది. ఈ సంచిక ఆమె దాకా చేరుతుందో లేదో తెలియదు. ఆ రాత్రి ఆమె రెండుసార్లు అడిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ఆ డబ్బా నాది పెద్దమ్మా. మా అమ్మ పంపింది.

– ఒక పూర్వ విద్యార్థి