టిఫా స్కాన్ గదిలో

నందివెలుగులో ఉండే మా చెల్లెలి కూతురికి ఐదో నెల. టిఫా స్కాన్ చేయించాలన్నారు. బిడ్డ అవయవాలన్నీ సక్రమంగా ఏర్పడుతున్నాయో లేదో 18 నుంచి 22 వారాల మధ్య చూసే స్కాన్ అది. ఇద్దరం ఆటోలో తెనాలి వెళ్లాం. తోడుగా లోపలికి రమ్మన్నారు డాక్టరమ్మ. అడిగినవన్నీ విసుక్కోకుండా చెప్పారు కూడా. అందుకే ఇది రాయాలనిపించింది.

బయట వరండాలో ఒకమ్మాయి సీసా నీళ్లన్నీ తాగేసి, ఇంకెంతసేపని నర్సును అడుగుతోంది. నెల తప్పిన కొత్తలో ఆ ఇబ్బంది తప్పదు. మూత్రాశయం నిండితే గాలి నిండిన పేగులు పక్కకు జరుగుతాయి. ఆ నీటి గుండా స్కాన్ యంత్రం పంపే శబ్దం సాఫీగా లోపలికి పోతుంది. గాలి ఈ యంత్రానికి బద్ధశత్రువు. పొట్ట మీద చల్లటి జెల్లీ రాసేదీ అందుకే. పొట్టకు ఆనించే ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య గాలి పొర కాస్త ఉన్నా, శబ్దం దాదాపు అంతా అక్కడి నుంచే వెనక్కి మళ్లుతుంది.

ప్రోబ్ చేతికిచ్చి చూడమన్నారు. దాని అంచు లోపల సన్నని పలకలు వరసగా పేర్చి ఉంటాయట. సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన ఒక రకం పింగాణీ అది. కరెంటు తగిలితే కంపిస్తుంది, కంపిస్తే కరెంటు పుట్టిస్తుంది. ఒత్తిడి పడితే కొన్ని స్ఫటికాల్లో విద్యుత్తు పుడుతుందని పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లో పారిస్‌లో కనిపెట్టారు. అంటే నోరూ చెవీ రెండూ ఆ పలకలే. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకానే వినగలదు. పొట్ట మీద పెట్టే ప్రోబ్ 35 లక్షల చుట్టుపక్కల పనిచేస్తుంది.

బావిలోకి కేకేస్తే తిరిగొచ్చే శబ్దాన్ని బట్టి లోతు పోల్చుకున్నట్టే ఇదీ. ఒళ్లు లోపల శబ్దం సెకనుకు 1540 మీటర్లు పోతుందని యంత్రం లెక్కేసుకుంటుంది. సెంటీమీటరు లోతుకు వెళ్లి రావడానికి సెకనులో పది లక్షల వంతుల్లో 13 వంతులు చాలు. 130 వంతులు పడితే ఆ కణజాలం పది సెంటీమీటర్ల లోతున ఉన్నట్టు. శబ్దం పంపేది రెప్పపాటు కూడా కాదు, మిగతా సమయమంతా వినడమే. గట్టిగా తిరిగొస్తే తెరమీద తెల్లచుక్క, అసలు రాకపోతే నలుపు. అందుకే ఉమ్మనీరు నల్లగా, ఎముక తెల్లగా కనబడతాయి. ఎముక వెనక మాత్రం నీడ పడుతుంది.

ఆ నీడే మాకు అడ్డొచ్చింది. బిడ్డ వెన్ను పైకి పెట్టుకుని పడుకుంది. తెరమీద వెన్నుపూసలు జంట వరసలుగా ముచ్చటగా కనిపిస్తున్నాయి కానీ, వాటి నీడలో గుండె మరుగున పడిపోయింది. డాక్టరమ్మ పక్కకు తిరగమన్నారు, ప్రోబ్ వాల్చి చూశారు. కుదరలేదు.

“కాసేపు అటూ ఇటూ నడిచి రా అమ్మా. గుండె చూడకుండా రిపోర్టు రాయను” అన్నారు.

మా పిల్ల భయపడిపోయి, “పెద్దమ్మా, ఏమన్నా తేడానా?” అంది. బిడ్డ పడుకున్న తీరే తప్ప మరేం లేదని ఆవిడే చెప్పారు. నడిచొచ్చాక బిడ్డ తిరిగింది. నాలుగు గదులూ కనిపించాయి, కవాటాలు కొట్టుకుంటున్నాయి. ఈ వయసులో నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవడం మామూలే. రంగుల డాప్లర్ పెడితే ప్రోబ్ వైపు వచ్చే రక్తం ఒక రంగులో, దూరంగా పోయేది ఇంకో రంగులో మెరిసింది.

యంత్రం చెప్పింది చెప్పినట్టు నమ్మకూడదంటారావిడ. 1540 సగటు మాత్రమే. కొవ్వులో శబ్దం నెమ్మదిస్తుంది, ఎముకలో పరుగెడుతుంది. ఆ తేడా పట్టుకోవాల్సింది చెయ్యీ కన్నూ. లోహాల్లో పగుళ్లు వెతికే యంత్రాన్ని గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ అనే వైద్యుడు ఆడవాళ్ల పొట్టల మీద పెట్టి చూసి, 1958లో లాన్సెట్ వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించిన నాటి నుంచీ ఇదే మాట. నా మటుకు నాకు, యంత్రం ఎంత కొత్తదని కాక, ఒక్కొక్కరికి ఎంతసేపు కేటాయిస్తున్నారని అడగాలనిపిస్తుంది. మనిషికి నాలుగు నిమిషాలిచ్చే చోట వెన్ను పైకి పెట్టుకున్న బిడ్డ గుండెను ఎవరు చూస్తారు?

ఆవిడ మొదటి నుంచీ చివరిదాకా “బిడ్డ” అన్న మాట దాటలేదు. లింగ నిర్ధారణ నేరమని గోడమీద బోర్డుంది. 1994 చట్టం ప్రకారం మాటతోనే కాదు, సైగతో చెప్పినా తప్పే. ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ నింపాలి, మా పిల్ల చేతా సంతకం పెట్టించారు. ఆడపిల్లల ప్రాణాల కోసం వచ్చిన ఆ చట్టాన్ని ఇంత నిష్ఠగా పాటించే మనిషి పట్ల నాకెంతో గౌరవం.

రిపోర్టు చేతికిస్తూ ప్రతి పంక్తీ తెలుగులో చదివి వినిపించారు. అన్ని లోపాలూ స్కాన్‌లో దొరకవని, కొన్ని తర్వాతి నెలల్లోనే బయటపడతాయని చెప్పి, ఎదుగుదల చూసే స్కాన్‌కు మళ్లీ రమ్మన్నారు.