పాత కారుకు రంగు కలపాలంటే

పాత మారుతి 800 ఫెండర్ సొట్ట తీయించి, లప్పం పెట్టించాక చాలామంది షేడ్ కోడ్ చూసి స్ప్రే డబ్బా కొనేస్తారు. ఆ కోడ్ కారు కొత్తగా ఉన్నప్పటి రంగుకే సరిపోతుంది. ఏళ్ల తరబడి ఎండకు వెలిసిన పక్క డోరుతో అది కలవదు. తక్కువ ఖర్చులో మంచి దారి ఇంకొకటుంది. పెట్రోల్ పోసేచోటి మూత విప్పి, కాంపౌండ్‌తో రుద్ది మురికి వదిలించి, రంగులు కలిపే దుకాణంలో ఆ మూతకు సరిపోయేలా కలిపించుకోవాలి. రేకు ముక్క మీద కొట్టి, పూర్తిగా ఆరాక, పగటి వెలుతురులో డోరు పక్కన పెట్టి చూడాలి. తడిమీద కనిపించే షేడ్ ఆరాక అలాగే ఉండదు.

ఇంత శ్రమ దేనికి, మొత్తం కారుకు రంగు వేయించేస్తే పోలేదా అనొచ్చు. కానీ పాత బండికి ఆ ఖర్చు బరువే, పైగా నిక్షేపంగా ఉన్న కంపెనీ పెయింటును గీకించడానికి నాకు మనసొప్పదు. మెటాలిక్ రంగులు కుదరవన్న అభ్యంతరంలో మాత్రం నిజముంది. స్ప్రే గన్ దూరాన్ని, ప్రెషర్‌ను బట్టి అల్యూమినియం రేణువులు పరుచుకునే తీరు మారుతుంది, దాంతో షేడూ మారుతుంది. అప్పుడు రంగును పక్క ప్యానెల్‌లోకి పలచబరుస్తూ పోయి, క్లియర్ కోటును అంచుదాకా కొట్టాలి. సాదా తెలుపుకు ఇన్ని తిప్పలుండవు. హార్డెనర్ కలిపే పెయింటయితే అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు.