నల్లాకు మోటరు, హాస్టల్‌లో సినిమా

దసరా సెలవులకు మా గల్లీ పిలగాడు ఒకడు ఇంటికి వచ్చిండు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. చేతిలో అరచేయంత నల్ల డబ్బా. "తాతా, దీంట్ల రెండు వందల పైన సినిమాలున్నయి. పాత తెలుగువి గూడ ఉన్నయి, నీకేం కావాల్నో చెప్పు" అన్నడు. ఎక్కడ కొన్నవురా అంటే నవ్విండు. "కొనుడేంది తాతా? హాస్టల్ నెట్టు ఫుకట్ కదా. రాత్రి పెట్టి పండుకుంటే తెల్లారేసరికి దిగి ఉంటయి."

పిలగాడు మంచోడే. తండ్రి సాంచెల మీద పని, తల్లి బీడీలు. వాడు మా గల్లీలో ఇంజనీరింగ్ దాకా పోయిన రెండో వాడు. కానీ ఆ ఫుకట్ అన్న మాట నాకు నచ్చలేదు. నేను చదివింది మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి. నెట్టు సంగతి నాకేం తెలుసు అని ఊరుకోవచ్చు. కానీ అంతకు ముందు నెలనే నా మనుమరాలికి జరిగింది మనసులో ఉండె. అందుకని ఒక కాలేజీ కంప్యూటర్ లాబులో పనిచేసే మనాయన దగ్గర కూసోని ఇదంతా విడమర్చి అడిగిన.

ఆయన చెప్పింది నాకు అర్థమైన తీరుగా రాస్తున్న. విశ్వవిద్యాలయానికి నెట్టు ఒక్క పెద్ద పైపు లెక్క వస్తది. లైబ్రరీ, ఆఫీసు, లాబు, ఆడపిల్లల హాస్టల్, మగపిల్లల హాస్టల్, అందరికీ అదే పైపు. దానికి నెల నెలా పైసలు కడతరు. ఆ పైసలు పిల్లల ఫీజులోంచి, సర్కారు ఇచ్చేదాంట్లోంచి పోతయి. ఫుకట్ ఎక్కడిది?

మా సోలాపూర్‌లో నల్లా రోజూ రాదు. నాలుగైదు రోజులకోసారి వస్తది. వచ్చిన పొద్దు ఒక ఇంటోళ్లు నల్లాకు మోటరు తగిలిస్తే చివరి ఇంట్ల బిందె నిండుతదా? మన ఆడోళ్లకు ఈ సంగతి నేను చెప్పే పనిలేదు. వాళ్ల కొట్లాటలు మీరూ విన్నరు, నేనూ విన్న. నెట్టు పైపుకు గూడ మోటరు ఉన్నదట. దాని పేరు టొరెంట్. సినిమాను చిన్న చిన్న తునకలు చేసి నలుగురి దగ్గర్నుంచి ఒక్కసారే గుంజుతది. గుంజుడే కాదు, వచ్చిన తునకలను అటు పదిమందికి పంపుతనే ఉంటది. పెట్టినోడు గుర్రు పెట్టి నిద్రపోతడు, అది మాత్రం రాత్రి పాళి చేస్తనే ఉంటది.

ఇప్పుడు మనుమరాలి సంగతి. నా పెద్ద బిడ్డ కూతురు, ఎమ్మెస్సీ చదువుతున్నది. ఆ విశ్వవిద్యాలయం పేరు రాయను. హాస్టల్ ఊరి బయట, గదిలో ఫోను సిగ్నల్ అందదు. స్కాలర్‌షిప్ ఫారం మహాడీబీటీలో ఎక్కించాలె. ఆదాయం దాఖలా తహసీల్ ఆఫీసు నుంచి ఆలస్యంగా చేతికొచ్చింది, అప్పటికి ఆఖరి తారీఖే మిగిలింది. సాయంత్రం ఆరింటికి కూసున్నది. చక్రం తిరుగుతనే ఉన్నది. ఎనిమిదయింది, తొమ్మిదయింది. సగం ఎక్కుతది, మళ్లీ మొదటికొస్తది. మగపిల్లల హాస్టల్లో ఆ రోజు ఏదో కొత్త సినిమా దిగుతున్నదని తర్వాత తెలిసిందట. ఫారం పోకపోతే ఆ ఫీజు నా బిడ్డ బీడీలు చుట్టి కట్టాలె. ఇద్దరు ఆడపిల్లలు రాత్రి తొమ్మిదిన్నరకు వార్డెన్ దగ్గర చిట్టీ రాయించుకొని, ఆటో మాట్లాడుకొని ఊర్లో నెట్ దుకాణానికి పోయిన్రు. మూసేటోణ్ని బతిమాలిన్రు. పదకొండున్నరకు ఫారం పోయింది. ఆటోకు, దుకాణానికి కలిపి నాలుగు వందలు.

ఆమె ఎక్కించాల్సిన దాఖలా 200 కేబీ. ఒక సినిమా 2 జీబీ. లాబు ఆయన లెక్క కట్టి చూపించిండు. ఒక్క సినిమా పోయే జాగాలో అసుమంటి దాఖలాలు పదివేలు పోతయట. నేను రెండుసార్లు అడిగిన, పదివేలేనా అని.

పిలగాండ్ల మీద నాకు కోపం లేదు. మిల్లు నుంచి రాత్రి పాళి దిగి, నిద్ర మానుకొని తెలుగు సినిమా మార్నింగ్ షోకు ఉరికినోళ్లమే మనం. హాస్టల్లో పిల్లలకు పొద్దు పోవాలె కదా. 2016లో జియో వచ్చినాక సొంత ఫోను మీద చూసుకునేటోళ్లు చూసుకుంటున్నరు, అది వాళ్ల పైసలు. కాని పదిమంది పైపు మీద గుంజితే దెబ్బ తగిలేది సొంత డేటా లేనోళ్లకే. ఉన్నోని పిల్లకు అసలు తెల్వనే తెల్వదు.

సర్కారోళ్లు, కాలేజోళ్లు ఏం చేస్తరు? బందు పెడతరు. ముంబై పొవాయి ఐఐటీలో 2007లో హాస్టల్ గదులకు రాత్రిపూట నెట్టు ఆపిన్రు. పిల్లలు పొద్దుగాల క్లాసుకు లేస్తలేరు, ఒకరితో ఒకరు కలుస్తలేరు అన్నరు. బందు పెడితే రాత్రి చదువుకునేటోని చదువు గూడ ఆగుతది. మిల్లులో ఒకడు చిందీ దాచుకొని పోతే రేపటినుంచి గేటు దగ్గర అందరినీ తడిమి చూసేటోళ్లు, యాదికున్నదా?

ఇంకొకటి తల్లిదండ్రులు తెలుసుకోవాలె. లోపల ఎవరు ఏం దింపుకున్నా బయటికి కాలేజీ అడ్రసే కనబడతదట. సినిమావాళ్ల నోటీసు కాలేజీకే వస్తది. కాలేజీ తన దగ్గరున్న లెక్క తీస్తే ఎవరి పేరుతో దిగిందో దొరుకుతది. 1957 కాపీరైట్ చట్టం కింద మూడేండ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జుర్మానా రాసి ఉన్నది. దోస్తు అడిగిండని పాస్‌వర్డ్ ఇచ్చిన పిల్ల పేరే ఆ లెక్కలో ఉంటది. ఈ ముక్క మాత్రం మీ ఇండ్లల్ల ఈ రాత్రే చెప్పున్రి.

పిలగాడికి ఇదంతా చెప్పిన. "నేను మీ మనుమరాలి హాస్టల్లో లేను కదా తాతా" అన్నడు. మీ దగ్గర గూడ ఎవరో ఒకరి మనుమరాలు ఉంటది కదరా అన్న. కొంచెం సేపు డబ్బా తిప్పుకుంట కూసున్నడు. "నేనొక్కణ్ని ఆపితే ఏమైతది, మా ఫ్లోరు మొత్తం పెడతరు" అన్నడు. అది నిజమే, నా దగ్గర జవాబు లేదు. ఆ నల్ల డబ్బా మాత్రం నేను తీసుకోలేదు.

మనుమరాలు, ఇంకో పదిహేను మంది ఆడపిల్లలు కలిసి వార్డెనుకు అర్జీ ఇచ్చిన్రు. ఫారాలు నింపే నెలలో సాయంత్రం ఆరు నుంచి పది దాకా పెద్ద డౌన్‌లోడ్లు ఆపాలె, మిగతా టైము మీ ఇష్టం అని. చూస్తం అన్నరట. ఇంకా జవాబు రాలేదు.