బేస్‌మెంట్ మెట్ల మీద 10 నిమిషాలు

రెండో కాన్పప్పుడు నాకు షుగర్ వచ్చింది. పాప పుట్టాక తగ్గిపోయింది కానీ, ఇలా వచ్చినవాళ్లకి ముందు ముందు టైప్ 2 డయాబెటిస్ వచ్చే అవకాశం ఎక్కువని, వ్యాయామం మానొద్దని డాక్టర్ గట్టిగా చెప్పింది. మా అమ్మ షుగర్‌తో పడే అవస్థ చూస్తూనే ఉన్నాను. భయమైతే ఉంది, టైమే లేదు. జిమ్‌కి ఏడాది డబ్బులు కట్టి, వెళ్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"రోజంతా పని చేస్తూనే ఉన్నానుగా, అదే వ్యాయామం" అని సర్దిచెప్పుకునేదాన్ని. ఓ ఉదయం బాబు స్కూల్ బస్సు కోసం అర నిమిషం పరిగెత్తేసరికి నోట మాట రాలేదు. ఇంటిపనితో ఒళ్లు అలుస్తోంది, గుండెకి మాత్రం కసరత్తు లేదని అప్పుడర్థమైంది.

మేముండేది మిస్సిసాగాలో. దగ్గర్లోని హామిల్టన్‌లో, మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో మార్టిన్ గిబాలా బృందం ఇంటర్వల్ ట్రైనింగ్ మీద ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా, మళ్లీ గట్టిగా చేయడమే ఇంటర్వల్ ట్రైనింగ్. 2016లో వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో కొందరు వారానికి మూడుసార్లు 45 నిమిషాలు ఒకే వేగంతో సైకిల్ తొక్కారు. ఇంకొందరు 10 నిమిషాలే తొక్కారు, అందులో శక్తికొద్దీ తొక్కింది 20 సెకన్ల చొప్పున మూడుసార్లే. 12 వారాల తర్వాత దమ్ములోనూ, ఇన్సులిన్ పనితీరులోనూ ఇద్దరికీ దాదాపు ఒకే మెరుగు! చదివి సంబరపడి, మళ్లీ చూస్తే అందరూ మగవాళ్లే. అదృష్టం, 2017లో ఆడవాళ్లతోనూ చేయించారు, అదీ మెట్ల మీద. వాళ్లకీ దమ్ము పెరిగింది.

మెట్లు మా ఇంట్లోనూ ఉన్నాయి. రెండు నిమిషాలు మెల్లగా నడుస్తాను. ఒక నిమిషం బేస్‌మెంట్ మెట్లు గబగబా ఎక్కి దిగుతాను, ఒక నిమిషం ఆగుతాను. ఇలా మూడుసార్లు. చివర్లో మళ్లీ నెమ్మదిగా నడక. వారానికి మూడు రోజులు.

నిజానికి మెట్లకన్నా కష్టమైంది, "ఈ 10 నిమిషాలు అమ్మని పిలవొద్దు" అని ఇంట్లో చెప్పడం. మొదటివారం మా ఆయనే "నా చార్జర్ ఎక్కడుంది?" అంటూ వచ్చారు. ఇప్పుడు బాబు టైమర్ పెట్టి "అమ్మా, స్టాప్!" అని అరుస్తాడు. ఫోన్‌లో మా అమ్మేమో, "బట్టలు ఆరేయడానికి నేను రోజూ మేడెక్కేదాన్ని, అదీ ఎక్సర్‌సైజేనా?" అని నవ్వుతుంది.

మోకాళ్ల నొప్పులు, బీపీ, గుండె జబ్బు ఉన్నా, ఈమధ్యే కాన్పైనా ముందు డాక్టర్‌ని అడగండి. రెయిలింగ్ పట్టుకోండి, సాక్సులతో మెట్లెక్కొద్దు.

మొన్న మళ్లీ బస్సు కోసం పరిగెత్తాం. ఆయాసం వచ్చింది, కానీ బాబుకి టాటా చెప్పగలిగాను.