గోల్కొండ మెట్లపై పిల్లలు

హైదరాబాదుకు పడమట రాతిగుట్టపై వెలసిన గోల్కొండ కోట 1687లో ఔరంగజేబు సేనల వశమైంది. ఈ చరిత్రను కళ్ళకు కట్టించాలని మా మదర్సా విద్యార్థులను వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళాము.

కోట ప్రవేశద్వారం వద్ద గుమ్మటం కింద చప్పట్లు చరిస్తే, ఆ ధ్వని గుట్ట శిఖరాన గల బాలాహిస్సారులో వినిపిస్తుంది. ఆగంతుకుల రాకను పైవారికి తెలిపేందుకే ఈ ఏర్పాటని చెబుతారు. మా విద్యార్థులు కొందరు కింద నిలిచి చప్పట్లు చరిచారు. తక్కినవారు వందలాది మెట్లెక్కి చెవులొగ్గి విన్నారు. ఆపై స్థానాలు మార్చుకున్నారు. అంతసేపూ ఎవరికీ ఫోను గుర్తుకు రాలేదు. అక్కడే గోడనీడన మరొక బాలుడు ఫోనులో తలదూర్చి కూర్చున్నాడు. పక్కనే అతని తండ్రి చేతిలోనూ ఫోనే!

పగలు ఉపవాసాలతో, రాత్రి నమాజులతో గడిపే హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) గారికి, దేహానికీ కళ్ళకూ కూడా మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. ఆరాధనలోనే మితం అవసరమైనప్పుడు, తెరల సంగతి వేరే చెప్పాలా? 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆరుబయటి వెలుతురు హ్రస్వదృష్టి ముప్పును తగ్గిస్తుందని వైద్యులు చెబుతున్నారు.

గోల్కొండ అందరికీ చేరువలో ఉండదు. కానీ ప్రతి ఊరిలో ఒక మైదానమో, చెరువుగట్టో, గుట్టో ఉంటుంది. సోదర సోదరీమణులారా! అస్ర్ నమాజు ముగిశాక మగ్రిబ్ వరకు పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళండి. "ఫోను పక్కన పెట్టు" అని గద్దించే ముందు, మీ ఫోను ఇంట్లో ఉంచి బయలుదేరండి.