పార్క్‌లేన్‌లో ఫ్లాపీ పట్టుకుని...

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ మెట్రో దిగి పార్క్‌లేన్ వైపు నడిస్తే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వస్తుంది. అందరూ సీటీసీ అంటారు. మౌస్ నుంచి మదర్‌బోర్డు దాకా అన్నీ విడివిడిగా కొని, సిస్టమ్ ‘అసెంబుల్’ చేయించుకునేవాళ్లం ఇక్కడ.

మొన్న నేను వెళ్లింది మాత్రం ఒక పాత ఫ్లాపీ పట్టుకుని.

మీలో చాలామంది ఫ్లాపీని ‘సేవ్’ బొమ్మగానే చూసుంటారు. మూడున్నర అంగుళాల ప్లాస్టిక్ బిళ్ల. పట్టేది 1.44 ఎంబీ. మీ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా చాలాసార్లు అందులో పట్టదు. 1999లో నేను డీటీపీ ఆపరేటర్‌ని. రోజంతా శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసి, షాపు మూసే ముందు అమ్మ పాడే పెళ్లి పాటలు టైప్ చేసుకునేవాణ్ని. అమ్మ ఇప్పుడు లేదు. పాటలున్నది ఆ ఫ్లాపీలోనే.

మూడు షాపులు తిరిగాను. “ఫ్లాపీనా అన్నా?” అని నవ్వాడో కుర్రాడు. నాలుగో షాపులో పెద్దాయన అరలోంచి యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తీశారు. గరగరమంటూ తిరిగింది. ఏడు ఫైళ్లలో నాలుగు వచ్చాయి. తెరిస్తే తెలుగు లేదు! ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి.

“ఇది పాత ఫాంట్ సార్. కన్వర్టర్‌లో వేస్తే వస్తుంది” అన్నారాయన.

అప్పటి తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకే తెలుగు బొమ్మలు తొడిగేవి. ఆ ఫాంట్ లేకపోతే వేషం తీసేసినట్టే. ఒక కంపెనీ ఫాంట్‌లో కొట్టింది ఇంకో కంపెనీ ఫాంట్‌లో చదవలేం. యూనికోడ్‌లో అలా కాదు. ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉంటుంది. ‘అ’ అంటే 3077, ఏ దేశంలోనైనా, ఏ ఫోన్‌లోనైనా. విండోస్‌లో తెలుగుకు ఆ సౌకర్యం 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. మీరు వాట్సాప్‌లో ‘తిన్నావా’ అని పంపితే అవతల ‘తిన్నావా’ అనే కనబడేది అందుకే.

ఆ రాత్రి నాలుగు పాటలు తెలుగులోకి వచ్చాయి. అక్కడక్కడా ఒత్తులు ఎగిరిపోతే, అమ్మ గొంతు గుర్తు తెచ్చుకుని సరిచేశాను. పోయిన మూడింట్లో అప్పగింతల పాట ఉంది. పల్లవి నాకొచ్చు, చరణాలు రావు.

ఊళ్లో పెద్దమ్మకు వచ్చట. ఆవిడకు 82 ఏళ్లు. ఈ ఆదివారం ఫోన్‌కి ఫుల్ చార్జింగ్ పెట్టుకుని వెళ్తున్నా.