బడిలో మిగిలిన పిల్లలు

తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో పొద్దున్నే ప్రైవేటు బడి బస్సుల హారన్లు వినబడతాయి. ఫీజు కట్టగలిగిన ఇంటి బిడ్డ బస్సెక్కుతుంది. సర్కారు బడిలో ఎక్కువగా మిగిలేది మామిడి తోటల్లో, మిరప చేలల్లో కూలికి పోయే ఇళ్ల పిల్లలే. అసలు పుట్టే పిల్లలే తగ్గారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.7 మాత్రమే.

పిల్లలు తగ్గితే బడులు కలిపేయాలన్న ఆలోచన వస్తుంది. 2022లో రాష్ట్ర ప్రభుత్వం 117వ జీవో కింద చాలా చోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించింది. 2025లో ఆ జీవో రద్దయింది. కాగితం మీద ఆ తరలింపు ఒక సర్దుబాటు. ఎనిమిదేళ్ల పిల్ల కాళ్లకు మాత్రం అది దూరం.

పిల్లల్ని బడికి దూరం చేసేది నడక ఒక్కటే కాదు. తిరువూరు పక్కనే ఎ.కొండూరు తండాల్లో ఏళ్లుగా కిడ్నీ జబ్బు పీడిస్తోంది. తండ్రి మంచాన పడి, తల్లి కూలికి పోతే, తమ్ముణ్ణి చూసుకోవడానికి బడి మానేది పెద్దపిల్ల. పిల్లల చదువు కోసం ప్రభుత్వం ఇచ్చే ‘తల్లికి వందనం’ పథకం కింద తల్లి ఖాతాలో పడే డబ్బు ఆ ఇంటికి ఆసరానే. కానీ నాలుగు రోజులు రాని పిల్ల కోసం ఇల్లు వెతుక్కుంటూ వెళ్లే టీచరు లేకపోతే ఆ డబ్బు చదువుగా మారదు.

పిల్లలు తగ్గారంటే ఒక్కొక్కరి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టే వీలు దొరికినట్టు. దాన్ని బడి మూసేందుకు సాకు చేసుకోవద్దు. మీ ఊరి బడికి ఒకసారి వెళ్లండి. ఎవరు రావడం లేదో అడగండి.